ఆర్ద్ర ఇవాళ ఎంత వెలుగుతోంది? కంటితో కొలిచే పద్ధతి

ఆర్ద్ర కార్తెలో ఆర్ద్ర నక్షత్రం కనిపించదు. సూర్యుడు దాని దగ్గర ఉండే రోజులకే ఆ పేరు పెట్టారు మరి. జూన్ 22 ప్రాంతం నుంచి జులై మొదటి వారం దాకా ఆ చుక్క పట్టపగలే మన నెత్తి మీదుగా పోతుంది, ఎండలో మునిగిపోయి. పాత లెక్క ఎంత బాగా కుదిరిందంటే, ఈ రోజుల్లో సూర్యుడు ఆర్ద్ర ఉన్న రేఖాంశాన్ని దాటేది జూన్ 20 నాడు. కార్తె మొదలయ్యేది ఒకట్రెండు రోజుల తర్వాత. తొలకరికి పొలంలో పాకే ఎర్ర మఖమల్ పురుగుకూ ఆరుద్ర అనే పేరు. చుక్కా ఎరుపే, పురుగూ ఎరుపే. అది కాకతాళీయమే అయినా గుర్తు పెట్టుకోవడానికి పనికొస్తుంది.

ఇంగ్లీషు పేరు బెటెల్‌జ్యూస్. పేపర్లో ఈ పేరు కనిపించిందంటే పక్కన 'పేలిపోనుందా?' అన్న ప్రశ్న ఉండి తీరాల్సిందే. పేలుడు సంగతి తర్వాత చూద్దాం. ముందు దాని వెలుగును కొలవడం నేర్చుకుంటే, ఆ వార్తల్లో ఏది నమ్మాలో ఏది వదలాలో సగం మనకే తెలిసిపోతుంది. టెలిస్కోపు అక్కర్లేదు. నిజానికి దీని విషయంలో పెద్ద టెలిస్కోపు అడ్డమే. ఇంత వెలుగున్న చుక్కకు సున్నితమైన డిటెక్టర్ నిండి పొంగిపోతుంది.

మొదట దాన్ని పట్టుకోవాలి. హైదరాబాదు అక్షాంశంలో ఫిబ్రవరి మధ్యలో రాత్రి ఎనిమిదిన్నరకు ఆర్ద్ర మధ్యాహ్న రేఖ (ఉత్తర దక్షిణాలను నెత్తి మీదుగా కలిపే గీత) మీదికి వస్తుంది. దక్షిణానికి తిరిగి తల బాగా పైకెత్తితే 80 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. జనవరి మధ్యలో అయితే ఇదే చోటికి రాత్రి పదిన్నరకు చేరుతుంది, రోజుకు నాలుగు నిమిషాలు ముందుకు జరుగుతూ. ఓరియన్ అనే నక్షత్ర మండలం నడుములో వరసగా ఉండే మూడు చుక్కలు ఎవరికైనా దొరుకుతాయి. వాటికి ఉత్తరాన నారింజ ఎరుపులో ఉన్నది ఆర్ద్ర, దక్షిణాన నీలిఛాయ తెలుపులో ఉన్నది రైగెల్. ఆ మూడు చుక్కల గీతను వాయవ్యానికి పొడిగిస్తే రోహిణి, ఆగ్నేయానికి పొడిగిస్తే సిరియస్ తగులుతాయి.

ఇక కొలత. వెలుగును మాగ్నిట్యూడ్‌లలో చెబుతారు. అంకె పెరిగితే వెలుగు తగ్గినట్టు. 5 మాగ్నిట్యూడ్‌ల తేడా అంటే సరిగ్గా 100 రెట్లు, ఒక మాగ్నిట్యూడ్ అంటే 2.512 రెట్లు. ఈ నిష్పత్తిని 1856లో ప్రతిపాదించిన నార్మన్ పాగ్సన్ 1861లో మద్రాసు అబ్జర్వేటరీకి వచ్చి చివరిదాకా అక్కడే పనిచేశాడు. ఆయన సహాయకుడు చింతామణి రఘునాథాచారి 1867లో ఆర్ రెటిక్యులి అనే వెలుగు మారే నక్షత్రాన్ని కనిపెట్టాడు. అంటే వేరియబుల్ స్టార్లను వెంటాడే పని మన పొరుగున నూట యాభై ఏళ్ల కిందటే సాగింది.

ఆర్ద్ర ఎంత వెలుగుతోందో ఒంటరిగా చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు. తెలిసిన వెలుగున్న రెండు చుక్కల మధ్య దాన్ని ఇరికించాలి. పనికొచ్చే చుక్కలు ఇవి: కాపెల్లా, అంటే బ్రహ్మహృదయం, 0.1. ఆర్ద్రకు తూర్పున ఉండే ప్రోసియాన్ 0.4. రోహిణి 0.9. పునర్వసు జంటలో ఎక్కువ వెలిగే పొలక్స్ 1.1. ఓరియన్ రెండో భుజం బెలాట్రిక్స్ 1.6. ఆర్ద్ర ఎక్కువ కాలం 0.3కూ 1.0కూ మధ్యన ఊగుతుంది కాబట్టి రోజువారీ పనికి ప్రోసియాన్, రోహిణి చాలు. రైగెల్ పక్కనే ఉంది కదా అని దాన్ని వాడకండి. దాని వెలుగూ కాస్త మారుతుంది, పైగా నీలం. రోహిణి వెలుగు కూడా కొద్దిగా కదులుతుంది గానీ పదోవంతు లోపలే. కంటి కొలతకు అది అడ్డు కాదు.

పద్ధతి ఇది. ప్రోసియాన్‌కూ రోహిణికీ ఉన్న తేడాను మనసులో ఐదు మెట్లుగా అనుకోండి. ఆర్ద్ర ఎన్నో మెట్టు మీద ఉంది? ప్రోసియాన్ నుంచి మూడు మెట్లు దిగి, రోహిణికి ఇంకా రెండు మెట్లు పైన ఉందనిపిస్తే: తేడా 0.5, అందులో ఐదింట మూడు వంతులు 0.3, దాన్ని 0.4కు కలిపితే 0.7. అంతే. ఫలితం ఒక దశాంశం దాకానే రాయాలి. కంటితో చూసి 0.68 అని రాసేవాళ్లను నమ్మకండి. చేయి తిరిగినవాళ్లకే 0.1 తేడా పట్టుబడుతుంది, కొత్తవాళ్లకు 0.3 దాకా తప్పడం మామూలే.

లెక్క రెండు నిమిషాల పనే. తప్పంతా కంటిలోనూ గాలిలోనూ ఉంది.

కంటి సంగతి ముందు. ఎర్రటి చుక్కను తదేకంగా చూస్తే అది క్షణక్షణానికీ ఎక్కువ వెలుగుతున్నట్టు అనిపిస్తుంది. అందుకే ఆర్ద్రను తేరిపార చూడకూడదు. ఒక చూపు దీని మీద, ఒక చూపు రోహిణి మీద, సెకనుకు మించకుండా, నాలుగైదు సార్లు. రోహిణి కూడా నారింజ రంగుదే కాబట్టి పోలిక సులభం. ప్రోసియాన్ తెల్లనిది, అక్కడ కన్ను తడబడుతుంది. హ్రస్వదృష్టి ఉన్నవాళ్లకు ఇక్కడ ఓ వెసులుబాటు: కళ్లజోడు తీసేస్తే చుక్కలు చిన్న చిన్న బిళ్లల్లా పరుచుకుంటాయి, బిళ్లల వెలుగును పోల్చడం సూదిమొనల్ని పోల్చడం కన్నా తేలిక. కళ్లజోడు లేనివాళ్లు బైనాక్యులర్స్‌ను ఫోకస్ తప్పించి వాడాలంటే మాత్రం ఒక చిక్కు: రెండు చుక్కలూ ఒకే దృశ్యంలో ఇమడవు, ఆర్ద్రకూ రోహిణికీ మధ్య 21 డిగ్రీలుంది. కంటికి కింద ఉన్న చుక్క, పైన ఉన్న చుక్క ఒకేలా తోచకపోవడం ఇంకో మోసం. రెండు చుక్కలూ కళ్ల వరసకు సమాంతరంగా వచ్చేలా తల వాల్చి చూడాలి. వీధి దీపం సూటిగా కంట్లో పడకుండా గోడ చాటున నిలబడి, పది నిమిషాలు ఆగి మొదలుపెట్టండి. ఇంతకన్నా చీకటి ఈ చుక్కకు అవసరం లేదు. నగరం మేడ మీద నుంచి చేయదగ్గ అతి కొద్ది పనుల్లో ఇదొకటి.

ఇంకో మాట: నిన్న ఎంత రాశారో ఇవాళ చూసే ముందు చూడకండి. పేపర్లో ఏం వచ్చిందో కూడా. తగ్గిందని తెలిసి చూసిన కంటికి తగ్గినట్టే కనిపిస్తుంది.

గాలి సంగతి ఇంతకన్నా పెద్దది. చుక్క నెత్తిన ఉన్నప్పుడు దాని వెలుగు ఒక వాతావరణం మందం దాటుతుంది. 30 డిగ్రీల ఎత్తులో రెండింతలు, 20 డిగ్రీల దగ్గర దాదాపు మూడింతలు. ఒక్కో మందానికి మన మైదాన ప్రాంతాల్లో 0.3 మాగ్నిట్యూడ్ పోతుందనుకోండి. ధూళి, తేమ ఎక్కువైతే ఇంకా పోతుంది. డిసెంబరు 1 రాత్రి ఎనిమిదిన్నరకు హైదరాబాదులో తూర్పున ఆర్ద్ర 16, 17 డిగ్రీల ఎత్తులో ఉంటుంది, రోహిణి అప్పటికే 37 డిగ్రీలు ఎక్కి ఉంటుంది. మందాలు వరసగా 3.5, 1.65. తేడా 1.85ను 0.3తో గుణిస్తే 0.55. అంటే ఆర్ద్రకు ఏమీ కాకపోయినా ఆ వేళ అది అర మాగ్నిట్యూడ్‌కు పైగా తగ్గినట్టు కనిపిస్తుంది! ప్రతి శీతాకాలం మొదట్లో 'ఆర్ద్ర మసకబారింది' అన్న పోస్టులు పుట్టడానికి ఇదొక కారణం. అదే రాత్రి పదిన్నర దాకా ఆగితే ఆర్ద్ర 45 డిగ్రీలకు, రోహిణి 66కు చేరతాయి, తప్పు 0.1కి పడిపోతుంది. ఫిబ్రవరిలో ఆర్ద్ర మధ్యాహ్న రేఖ మీద ఉన్నప్పుడు రోహిణి పడమర 70 డిగ్రీల దగ్గర, ప్రోసియాన్ తూర్పున 62 దగ్గర ఉంటాయి. అప్పుడు సవరణే అక్కర్లేదు. యూరప్‌లో, ఉత్తర అమెరికాలో ఉండేవాళ్లకు ఆర్ద్ర ఇంత ఎత్తుకు రాదు. ఈ చుక్కకు మన అక్షాంశం వరం. అట్లాంటాలోనో డాలస్‌లోనో ఉండి చూసే తెలుగువాళ్లు ఈ సవరణను మరింత జాగ్రత్తగా చేసుకోవాలి.

కెమెరాతో చేస్తామంటారా, సరే. డీఎస్ఎల్ఆర్‌కు 35 మి.మీ. లెన్స్ పెడితే ఆర్ద్ర, రోహిణి, బెలాట్రిక్స్ ఒకే ఫ్రేములోకి వస్తాయి. ట్రైపాడ్ మీద ఎఫ్/4, ఐఎస్‌ఓ 100, 2 సెకన్లు, రా ఫైల్. ఫోకస్‌ను కావాలని తప్పించి చుక్క పది, పదిహేను పిక్సెళ్ల బిళ్లగా పరుచుకునేలా చేయాలి. పదునుగా ఫోకస్ చేస్తే మధ్య పిక్సెళ్లు నిండిపోతాయి, నిండాక ఎంత వెలుగు పడిందో చెప్పే దారి లేదు. 14 బిట్ల కెమెరాలో గరిష్ఠ అంకె 16,383. చుక్క మధ్యన 10,000 దాటకుండా చూసుకోండి. కనీసం పది ఫ్రేములు తీసి సగటు తీయాలి, మిణుకు వల్ల ఒక్కో ఫ్రేము ఒక్కో మాట చెబుతుంది. లెన్స్ అంచుల్లో వెలుగు తగ్గుతుంది కాబట్టి ఫ్లాట్ ఫ్రేములు, అంటే సమానంగా వెలిగే తెల్లటి తెర ఫొటోలు, తప్పనిసరి. చాలామంది వీటిని ఎగ్గొట్టి, ఆర్ద్రను నడిమధ్యన, రోహిణిని మూలన పెట్టి కొలిచి, ఆర్ద్ర వెలుగు పెరిగిందని తేలుస్తారు. ఆకుపచ్చ ఛానెల్ ఒక్కటే తీసుకోవాలి, వెలుగు కొలతలకు ఖగోళ శాస్త్రజ్ఞులు వాడే ప్రామాణిక వి ఫిల్టరుకు అదే దగ్గర. దగ్గర అంటే ఒకటి అని కాదు. రంగు సూచీ (అంకె పెరిగేకొద్దీ చుక్క ఎరుపు) ఆర్ద్రకు 1.85, రోహిణికి 1.54, బెలాట్రిక్స్‌కు మైనస్ 0.22. మీ కెమెరా రంగు గుణకం, అంటే సూచీలో ఒక అంకె తేడాకు అది చేసే తప్పు, 0.1 ఉన్నా బెలాట్రిక్స్‌తో పోల్చితే 0.2 తప్పు వస్తుంది, రోహిణితో పోల్చితే 0.03. దూరమైనా రోహిణే మేలు.

కొలతను దాచుకోవడమెందుకు? అమెరికాలో 1911లో పుట్టిన వేరియబుల్ స్టార్ పరిశీలకుల సంఘం ఆవ్సో (AAVSO) ప్రపంచంలో ఎవరు పంపినా తీసుకుంటుంది. వాళ్ల చార్టులో పోలిక చుక్కలకు ఇచ్చిన అంకెలనే వాడి, ఏ రెండు చుక్కలతో పోల్చారో రాయాలి. సమయం జూలియన్ రోజుల్లో, అంటే తేదీలకు బదులు రోజుల్ని వరసగా లెక్కపెట్టే అంకెల్లో. జూలియన్ రోజు గ్రీనిచ్ మధ్యాహ్నానికి, అంటే మన సాయంత్రం ఐదున్నరకు మారుతుంది కాబట్టి మనకు రాత్రంతా ఒకే అంకె. 2026 ఫిబ్రవరి 15 రాత్రి ఎనిమిదిన్నర అంటే 2461087.1. మబ్బు పొర, వెన్నెల, పొగమంచు ఉంటే ఆ మాటా రాయండి. అనుమానంగా ఉన్న కొలతను చెరిపేయడం కన్నా అనుమానమని రాసి పంపడమే నయం.

ఇప్పుడు ఆ అంకెల వెనక ఏముందో. జాన్ హెర్షెల్ 1836లోనే ఆర్ద్ర వెలుగు మారుతోందని గమనించాడు. రెండు లయలు కనిపిస్తాయి: సుమారు 400 రోజులది ఒకటి, ఆరేళ్లకు కాస్త తక్కువది ఇంకొకటి. మొదటిది నక్షత్రం ఉబ్బి తగ్గడం వల్ల. రెండోదానికి కారణం ఏమిటో చాలాకాలం తెగలేదు. 2024లో రెండు బృందాలు, చుట్టూ తిరిగే చిన్న తోడు నక్షత్రం ఉంటే ఈ లయ కుదురుతుందని లెక్క కట్టాయి. 2025 జులైలో హవాయిలోని జెమినై నార్త్ టెలిస్కోపుతో ఆ తోడు కనిపించినట్టుందని ప్రకటించారు. ఆర్ద్ర కన్నా ఆరు మాగ్నిట్యూడ్‌లు తక్కువ వెలుగు, అంటే 250వ వంతు, అదీ దాన్ని ఆనుకుని. సంకేతం బలహీనంగానే ఉంది, ఖాయం అనడానికి ఇంకా చూడాలి.

2019 చివర జరిగింది మాత్రం ఈ రెండు లయల్లోనూ ఇమడలేదు. ఆ డిసెంబరులో విలనోవా యూనివర్సిటీకి చెందిన ఎడ్వర్డ్ గైనన్ బృందం వెలుగు అసాధారణంగా పడిపోతోందని హెచ్చరించింది. 2020 ఫిబ్రవరి రెండో వారానికి 1.6కు దిగింది. మామూలుగా ఉండే 0.5తో పోల్చితే దాదాపు మూడో వంతు. బెలాట్రిక్స్, ఆర్ద్ర రెండు భుజాలూ సమానమైపోయాయి, ఏ పరికరమూ లేకుండా ఎవరికైనా కనిపించేంతగా. పేలుడు వార్తలన్నీ అప్పటివే.

అసలు జరిగింది వేరు. ఆండ్రియా డూప్రీ బృందం హబుల్ అంతరిక్ష టెలిస్కోపుతో చూసినప్పుడు 2019 సెప్టెంబరు నుంచి నవంబరు మధ్య దక్షిణార్ధ గోళం నుంచి దట్టమైన వేడి పదార్థం బయటికి కదలడం నమోదైంది. అది దూరం పోయి చల్లారి ధూళిగా మారి మనకు అడ్డం వచ్చింది. చిలీలోని వీఎల్‌టీ టెలిస్కోపు తీసిన చిత్రాల్లో నక్షత్రం దక్షిణ భాగం నల్లబడి ఉంది. నాకు అన్నిటికన్నా ముచ్చటైన సాక్ష్యం జపాన్ వాతావరణ ఉపగ్రహం హిమవారి-8ది. పది నిమిషాలకోసారి భూమి ఫొటో తీస్తుంటే అంచున నల్లటి ఆకాశంలో ఆర్ద్ర కూడా పడుతోంది. తుపాన్ల కోసం తీసిన ఆ ఫొటోల నుంచి టోక్యో పరిశోధకులు నాలుగున్నరేళ్ల పరారుణ కొలతలు రాబట్టి, ఉపరితలం 140 డిగ్రీల మేర చల్లబడటం, ధూళి కమ్మడం రెండూ దాదాపు సమపాళ్లలో కారణమని 2022లో తేల్చారు. 2023 ఏప్రిల్‌కు అదే ఆర్ద్ర 0.0 దగ్గరికి పెరిగి కూర్చుంది.

ఇంత గొడవకూ దాని లోపలి వయసుకూ సంబంధం లేదు. ఆర్ద్ర సూర్యుడి కన్నా 16 నుంచి 20 రెట్ల బరువు, పుట్టి కోటి ఏళ్లు కూడా నిండి ఉండవు. సూర్యుడికి 460 కోట్లు. బరువైన నక్షత్రం ఇంధనాన్ని విపరీతంగా తగలేస్తుంది. ఇప్పుడు దాని గర్భంలో హీలియం మండుతోందని ఎక్కువ నమూనాలు చెబుతున్నాయి, అదింకా లక్ష ఏళ్ల మాట. ఆ తర్వాత దశలు పొట్టివి. సూర్యుడికి 25 రెట్లుండే నక్షత్రానికి వేసిన లెక్కలో కార్బన్ దశ 600 ఏళ్లు, నియాన్ ఏడాది, ఆక్సిజన్ ఆరు నెలలు, సిలికాన్ ఒక్క రోజు. కానీ గర్భంలో ఇంధనం మారినా పైనున్న భారీ పొరకు ఆ కబురు చప్పున చేరదు. మనం చూసే వెలుగు ఆ పై పొరదే: 3,600 కెల్విన్‌ల దగ్గర, కొద్దిపాటి పెద్ద పెద్ద బుడగలతో కుతకుతలాడుతున్న వాయువు. గిన్నె మీది ఆవిరి చూసి సిలిండర్‌లో గ్యాస్ ఎంత మిగిలిందో చెప్పబోతే ఎలా ఉంటుందో, వెలుగు తగ్గిందని పేలుడు జోస్యం చెప్పడం అలాంటిదే.

పేలుడును ముందుగా చెప్పగలిగేవి న్యూట్రినోలే, అంటే పదార్థాన్ని దాదాపు తాకకుండా దూసుకొచ్చే అతి చిన్న కణాలు. 1987 ఫిబ్రవరి 23న పెద్ద మెజెల్లానిక్ మేఘం అనే పొరుగు గెలాక్సీలో సూపర్‌నోవా పేలినప్పుడు జపాన్‌లోని కామియోకాండే-2 డిటెక్టర్‌లో 11 న్యూట్రినోలు పడ్డాయి, వెలుగు కన్నా సుమారు మూడు గంటలు ముందు. అది 1,68,000 కాంతి సంవత్సరాల దూరం. ఆర్ద్ర 500 నుంచి 700 లోపే కాబట్టి చివరి సిలికాన్ దశలోని న్యూట్రినోలు కూడా కొన్ని గంటల ముందే దొరకవచ్చు. పేలితే అర్ధ చంద్రుడంత వెలుగు, పగలు కూడా కనిపిస్తుంది. ఆ దూరానికి మనకు హాని లేదు.

దూరం విషయంలో అంత వెడల్పు ఎందుకంటే, పక్కనున్న నక్షత్రమైనా దీన్ని కొలవడం కష్టం. భూమి కక్ష్యలో తిరగడం వల్ల చుక్క ఎంత కదిలినట్టు కనిపిస్తుందో చూసి దూరం లెక్క కడతారు. ఆర్ద్రకు అది ఆర్క్ సెకనులో (ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3,600వ వంతు) 0.006 వంతు. దాని బిళ్ల వెడల్పే 0.042. కదలిక కన్నా బిళ్ల ఏడింతలు! పైగా మచ్చలు పుట్టి చెదిరినప్పుడల్లా వెలుగు మధ్యబిందువు అటూ ఇటూ జరుగుతుంది. నక్షత్రాల దూరాలు కొలిచిన గైయా ఉపగ్రహానికేమో ఇది మరీ వెలుగు. ఆర్ద్ర దగ్గర్నుంచి చూస్తే భూమికీ సూర్యుడికీ ఉన్న దూరం కూడా అదే 0.006గా కనిపిస్తుంది కాబట్టి ఆ ఏడింతల అంకె నుంచే ఇంకోటీ తెలుస్తుంది: ఆర్ద్ర వ్యాసం భూమికీ సూర్యుడికీ ఉన్న దూరానికి సుమారు ఏడు రెట్లు. సూర్యుడి చోట పెడితే కుజుడి కక్ష్యను మింగి గ్రహశకలాల పట్టీలోకి వస్తుంది. 1920 డిసెంబరు 13న మౌంట్ విల్సన్ 100 అంగుళాల టెలిస్కోపుకు 20 అడుగుల ఇంటర్‌ఫెరోమీటర్ (ఎడంగా ఉన్న అద్దాల వెలుగును కలిపి కొలిచే పరికరం) కట్టి పీజ్, మైకెల్సన్‌లు ఈ బిళ్లను కొలిచినప్పుడు 0.047 వచ్చింది. సూర్యుడు కాక వ్యాసం కొలిచిన మొదటి నక్షత్రం ఇదే.

తిరిగి మన పనికి. మే 15 దాటాక ఆపేయడం మంచిది, పడమటి సంధ్యలో అది మరీ కిందికి దిగిపోతుంది. మళ్లీ ఆగస్టు మొదటి వారంలో తెల్లవారుజామున ఐదింటికి తూర్పున 30 డిగ్రీల దగ్గర దొరుకుతుంది. అప్పుడు ప్రోసియాన్ పనికిరాదు, రోహిణి ఒక్కటే దిక్కు, 0.2 దాకా గాలి సవరణతో. మధ్యలో మూడు నెలలు నేల మీది కంటికి చీకటి. 2020 వేసవిలో ఆ ఖాళీని పూడ్చడానికి భూమికి దూరంగా, వేరే కోణంలో సూర్యుడి చుట్టూ తిరుగుతుండిన నాసా స్టీరియో వ్యోమనౌకను ఒరిగించి ఆర్ద్రను చూపించారు. మే నడుమ నుంచి జులై నడుమకు అర మాగ్నిట్యూడ్ తగ్గిందని తేలింది, ఎవరూ ఊహించని వేళ. అలాంటి తగ్గుదల మళ్లీ వస్తే నేల మీద మొదట పట్టుకునేది ఆగస్టు తెల్లవారుజామున వానమబ్బుల సందులో లేచి చూసినవాళ్లే. ఐదు గంటలకు అలారం, ఒక పెన్ను, రోహిణి 0.9.